దీపం వెలుగుతూనే ఉంది

ఒకటో మజిలీ: ఊరి చివరి మెట్టు

దీపం వెలుగుతోంది. కాళ్ళు బాగానే ఉన్నాయి. పొద్దున చోడంబలి తాగాం.

దారి లేని చోట నడిచేవాళ్ళు ఆగిన ప్రతిచోటా ఈ మూడు సంగతులూ చెప్పి తీరాలని మా సంఘం నియమం. చెప్పాను. ఈ మాటపెట్టెను నా మెడలో వేస్తూ, "మిగతాది నీ ఇష్టం పోలమ్మా, ఏం తోస్తే అది చెప్పు" అన్నారు. నాకేమీ తోచడం లేదు. అయినా చెబుతాను. ఊరికే మొయ్యడానికి ఇది మరీ బరువుగా ఉంది.

మేం ముగ్గురం. నేను, మా చెల్లెలు సింహాచలం కూతురు మంగి, మంగి చిన్నాన్న తవిటయ్య. సింహాచలం చచ్చిపోయింది. దాని మొగుడు అవతలి కొండ మీద గాలిమరల దగ్గర పనిచేస్తాడు. పిల్లని అతనికి అప్పజెప్పాలి. చెరువొడ్డు రోడ్డు మీద బరువుగాలి పరుచుకుంది కాబట్టి రోడ్డు మూసేశారు. ఇక మిగిలింది వెన్నుగట్టు, అంటే నిండుచెరువుకి పైన గోడలా సాగిన ఈ కొండ వెన్ను. దాని మీద దారి లేదు. ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు.

చెల్లెలి సంగతి కూడా చెప్పమన్నారు, చెబుతాను. పట్నాల పొగలోంచి తీసిన ఈ బరువుగాలిని మా తాతల కాలంలో గొట్టాలతో తెచ్చి ఈ చెరువు అడుగున దాచారు. అది కొద్దికొద్దిగా బయటికి పోవడానికి చెరువు మధ్యలో నీళ్ళు చిమ్మే గొట్టాలున్నాయి. వాటి మూతులు తోమడం సింహాచలం పని. మొన్న ఒడ్డున దాని చేతిలోంచి పానా జారి కింద పడింది. మా ఊళ్ళో కింద పడినదాన్ని ఎవరూ తియ్యరు. పడింది చెరువుది. బరువుగాలి నేలబారునే పాకుతుంది. మంచాలన్నీ మంచెల మీదే ఉంటాయి, పొయ్యిలు నడుమెత్తున ఉంటాయి, పిల్లలు భుజాల మీద పెరుగుతారు. అది తెలిసీ సింహాచలం పానా కోసం వంగింది. మళ్ళీ లేవలేదు. దాని దీపం మూతి ఎత్తున వెలుగుతూనే ఉందట. దూరాన ఉన్నవాళ్ళు చూశారు.

దాన్ని కాటికి సాగనంపేటప్పుడు ఎవరూ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. కట్టెలు చాలుతాయా లేదా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ప్రమాదం వచ్చినప్పుడు ఇనప కమ్మీ మోగించే గురువమ్మత్త నా పక్కనే నిలబడి రెండుసార్లు ఆవలించింది. మంగి తలకాయ నిమిరి, "గుంట ఒక్క సుక్క కన్నీరు పెట్టనేదు సూడే. ఎంత గట్టి పిల్లో" అంది. అవునన్నాను.

బయల్దేరే ముందు దీపం ఎత్తు చూసి కట్టాం. బరువుగాలి తగిలితే దీపం ఆరుతుంది. జట్టులో అందరికంటే పొట్టివాళ్ళ మూతి ఎక్కడుంటే కర్రకి లాంతరు అక్కడ కట్టాలి. మంగిని నిలబెట్టబోతే తవిటయ్య వద్దన్నాడు.

"గుంట నా ఈపు మీదే గదా ఉంటాది వదినా. దాని మూతి నా మూతికాడే ఉంటాది. దీపం ఈడే కట్టీ. కిందకి కడితే ముళ్ళకంపలకి తగులుకుంటాది."

సబబుగానే ఉందనిపించింది. పైకే కట్టాను. గురువమ్మత్త కూడా చూసి తలూపింది. తలనొప్పిగా ఉంది. రెండు మూడు రోజులుగా ఊళ్ళో అందరికీ ఉంది. దిగులు, అంతే.


రెండో మజిలీ: మొదటి శిఖరం

దీపం వెలుగుతోంది. కాళ్ళకి ముళ్ళు. ఏమీ తినలేదు.

దారి లేకపోవడం అంటే ఏమిటో ఇప్పటికి తెలిసింది. కొండచీపురు దుబ్బులు మనిషెత్తున ఉన్నాయి. వాటి మొదళ్ళు పట్టుకుని పాకుతూ ఎక్కాం. పట్టుకున్న దుబ్బు ఒకటి వేళ్ళతో సహా ఊడొచ్చింది. నేను కొంతదూరం జారి ఒక బండకి తట్టుకుని ఆగాను. భయం వెయ్యలేదు. లేచి చీర దులుపుకున్నాను. తవిటయ్యే "ఓలమ్మో" అని కేకేశాడు.

ఈ శిఖరం మీద కొంచెం గాలి ఉంది. కూర్చున్నాం. ఇక్కడ కూర్చోవచ్చు. బరువుగాలి వెన్నుగట్టు ఎక్కదని చిన్నప్పుడే చెప్పారు మాకు. గట్టు మీదకి పోతే నేల మీద వెల్లకిలా పడుకోవచ్చని సింహాచలం, నేను ఎన్నిసార్లు అనుకున్నామో. ఒక్కసారీ రాలేదు.

కింద చెరువు కనబడుతోంది. నీళ్ళు ఇటికరంగు తిరిగాయి. ఎక్కడో వాన పడి బురద దిగి ఉంటుంది. కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన మా ఊరు కూడా కనబడుతోంది. పొయ్యిల పొగ పైకి లేవకుండా మెట్ల మీద దుప్పటి పరిచినట్టు పడుకుంది. ఇంత బాగా పరుచుకున్న పొగని నేనెప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాను.

తవిటయ్య నావైపు తిరిగాడు. "నీ మొకం సూసి మేకలు కూడా దారిచ్చీసినాయి వదినా."

"ఇక్కడ మేకలెక్కడున్నాయి?"

"అదే మరి. పారిపోనాయి."

నోరు మూసుకోమన్నాను. కానీ కొంచెం నవ్వొచ్చింది. తలనొప్పి కూడా తగ్గింది. అప్పుడు మంగి మూడు రోజుల్లో మొదటిసారి నోరు తెరిచింది.

"పెద్దమ్మా, అమ్మ ఎనకాల వస్తందా?"

దాన్ని దగ్గరికి లాక్కుని నోరు తెరిస్తే ఏడుస్తానని తెలిసింది. ఏడిస్తే పిల్ల బెదిరిపోతుందని, "పద, పొద్దు పోతోంది" అన్నాను. తవిటయ్య ముఖం అటు తిప్పుకున్నాడు.

దిగుతున్నాం. ఇక్కణ్ణించి గట్టు కొంచెం పల్లంగా సాగుతుంది.


మూడో మజిలీ: రాతి అంచు

దీపం వెలుగుతోంది. కాళ్ళు ఉన్నాయి. అటుకులు తిన్నాం. రుచి లేదు.

ఇక్కడ గట్టు రెండు అడుగులే ఉంది. ఒకవైపు చెరువు, ఒకవైపు లోయ. రాళ్ళు పొరలు పొరలుగా ఊడిపోతున్నాయి. గాలి లేదు. గడ్డిపోచ కూడా కదలడం లేదు. ఒక రాతి అంచుకి నా అరచెయ్యి తెగింది. రక్తం మోచేతి దాకా కారాక గాని చూసుకోలేదు. నొప్పి పుట్టలేదు. కొంగు చింపి కట్టుకున్నాను. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఇందాక శిఖరం మీద రాబోయిన ఏడుపు పోయింది. మంచిదే అయింది. ఇలాంటి చోట ఏడుస్తూ నడిస్తే కాలు జారుతుంది.

మంగి నిద్రపోయింది. చిన్నాన్న వీపు మీద తల వాల్చేసి చక్కగా పడుకుంది. గోల చెయ్యదు, తిండి అడగదు. ఇలాంటి పిల్ల ఎవరికుంటుంది? వాళ్ళమ్మ ఈ వయసులో ఊరంతా వినబడేలా ఏడ్చేది. దాని గోలకి మా అమ్మ నన్ను కొట్టేది.

దారిలో ఒక కౌజు పిట్ట పడి ఉంది. కొంచెం అవతల ఇంకొకటి, తర్వాత ఒక చెవులపిల్లి.

"ఏటో వదినా, కూర మనకోసం పరిసి ఉంది" అన్నాడు తవిటయ్య. అన్నాడు గాని నవ్వలేదు. ఆగలేదు. నేనూ ఆగలేదు. కింద పడినవాటి వైపు మా ఊళ్ళో ఎవరం చూడం. చూస్తే తియ్యాలనిపిస్తుంది.

అతనికి ఆయాసం వస్తోంది. నాకూ వస్తోంది. ఎక్కడం లేదు, చదునులో నడుస్తున్నాం, అయినా వస్తోంది. వయసు.


నాలుగో మజిలీ: కొండ మెడ

దీపం వెలుగుతోంది. కాళ్ళ సంగతి తెలియదు. తినాలని లేదు.

ఇది గట్టు మొత్తంలో పల్లపు చోటు. రెండు శిఖరాల మధ్య మెడలా వంగి ఉంది. చుట్టూ మెత్తని గడ్డి. ఎదురుగా ఉన్న శిఖరం ఎక్కితే అవతల గాలిమరలు కనబడతాయి. అక్కడైతే ఈ మాటపెట్టె ఊరికి అందుతుందట, ఇప్పటిదాకా చెప్పింది కూడా అప్పుడే పోతుందట. ఎక్కాలి. ఎక్కాలని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాం.

"కొంచెం సేపు ఆగుదుం వదినా" అన్నాడు తవిటయ్య. నాకూ అదే కావాలి.

మంగిని నేల మీద పడుకోబెట్టాడు. అది పుట్టాక నేల మీద పడుకోవడం ఇదే మొదలు. గడ్డిలో చెయ్యి పెట్టి ఒకసారి అటూ ఇటూ కదిపింది. కళ్ళు తెరవలేదు. సింహాచలం ఉంటే ఎంత మురిసిపోయేదో. ఈ మాట అనుకున్నాను గాని లోపల ఏమీ కదల్లేదు. పక్కింటి వాళ్ళ చెల్లెల్ని తలుచుకున్నట్టుంది. నేనింత రాతిమనిషినని నాకు తెలియదు. దాన్ని ఎత్తుకుని పెంచింది నేనే. అయినా ఇంతేనా?

తవిటయ్య బండకి చేరగిలి నిలబడ్డాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి అతనికి. నా మోకాళ్ళు వంగనంటున్నాయి కాబట్టి నేను పెద్దరాయి మీద కూర్చున్నాను. దీపం కర్ర రాళ్ళ సందులో గుచ్చాం. బాగా వెలుగుతోంది. నేనూ దిగి పిల్ల పక్కన పడుకుంటాను. చిన్నప్పటి కోరిక కదా.

ఇదిగో, తవిటయ్య కునుకు పట్టి కర్ర మీద తూలాడు. లాంతరు కింద పడి ఆరిపోయింది. ముట్టించి మళ్ళీ చెబుతాను.


ఇది మజిలీ కాదు: రెండో శిఖరం

ఊరికి అందుతోందా? అందుతున్నట్టు పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. గురువమ్మత్తా, పలకవే! పలికేదాకా జరిగింది చెబుతూనే ఉంటాను.

లాంతరు పడిందా, పడింది చెరువుది కాబట్టి తియ్యకూడదు. కానీ దీపం లేకుండా నడవకూడదు కూడా. ఏ నియమం పాటించాలో తోచక అక్కడే నిలబడ్డాను. చివరికి తవిటయ్యే కర్ర కొసతో దాన్ని పైకి లాగాడు. అగ్గిపుల్ల గీశాను, వెలిగింది. పైన కట్టే తీగ తెగిపోయింది, అది సరిచెయ్యడానికి చేతులు ఖాళీ కావాలని లాంతర్ని కర్రకి తగిలించి నేల మీదికి దించాను. ఆరిపోయింది.

"గాలికేమో" అన్నాడు.

గాలేది? ముట్టించి దించాను. మళ్ళీ ఆరింది.

"కిరసనాయిలు అయిపోయిందేమో వదినా."

ఊపి చూస్తే నిండుగా ఉంది. మూడోసారి నెమ్మదిగా దించాను. నడుము దగ్గర బాగానే ఉంది. మోకాలి దగ్గర మంట చిన్నదైంది. ఇంకో జానెడు దించేసరికి వేళ్ళతో నలిపినట్టు పోయింది.

ఇద్దరం అది చూస్తూ నిలబడ్డాం. చూస్తూనే ఉన్నాం. ఎంతసేపో చెప్పలేను. అంత మొద్దుబారి ఉన్నాం మేం! ఆ జానెడు కిందే మంగి పడుకుని ఉందన్నది నా బుర్రకి ఎక్కడానికి అంతసేపు పట్టింది.

దాని పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

ఊపిరి బిగబట్టి వంగాను. అత్తా, వంగడం నాకు చేతకాదు. బుద్ధెరిగాక ఎప్పుడైనా వంగితే గదా. మోకాళ్ళు పట్టేశాయి, ముందుకు తూలి గడ్డిలో చేతులు ఆనించి పడ్డాను. బిగబట్టిన ఊపిరి వదిలేశాను. సోడా తాగి త్రేన్చినప్పుడు ముక్కులో మండుతుందే, అలా మండింది. తవిటయ్య నా జుట్టు పట్టి పైకి లాగాడు. నా చేతుల్లో పిల్ల ఉంది. ఎలా దొరకబుచ్చుకున్నానో తెలియదు. సింహాచలం కూడా మొన్న ఇలాగే వంగింది గదా, అలవాటు లేని వంగడం. దాన్ని జుట్టు పట్టి లాగడానికి ఎవరూ లేకపోయారు.

పిల్లని భుజాన వేసుకుని అతను ముందు, నేను వెనక. బండలు, కంపలు, ఏది దొరికితే అది పట్టుకున్నాం. చీర ఎక్కడ పోయిందో ఎక్కడ మిగిలిందో చూసుకోలేదు. దారి లేదు, పైకి అన్నదే దారి.

ఇక్కడికి వచ్చేసరికి గాలి మొహాన కొట్టింది. అవతల మరలు తిరుగుతున్నాయి. తవిటయ్య పిల్లని ఒళ్ళో పెట్టుకుని మొహం మీద నీళ్ళు కొట్టాడు. వీపు రుద్దాడు. "ఓలే మంగీ, ఓలి నా తల్లీ, సూడే, ఒక్కసారి సూడే" అని అదే మాట అంటూనే ఉన్నాడు. అది పెద్ద ఊపిరి పీల్చింది. ఇంకొకటి పీల్చింది. పెదాల రంగు మారింది. కళ్ళు తెరిచి మా ఇద్దరినీ చూసింది, చుట్టూ చూసింది.

"అమ్మేదీ?" అంది.

అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది. వినబడుతోందా అత్తా? ఆ వెనకాల వినబడేది మన మంగే. గట్టి పిల్ల అన్నాం గదా! ఏడవలేదు, ఎంత బుద్ధిమంతురాలో అన్నాం గదా! దాని గొంతు చూడు ఎలా ఉందో. అచ్చం వాళ్ళమ్మ గొంతే.

దానికి ఏడుపు లేక కాదు. దాన్ని ఏడవనివ్వలేదు ఆ గాలి. నన్నూ అంతే. నిన్నూ అంతే. చెల్లెల్ని తగలేసి వచ్చి కట్టెల లెక్క ఆలోచించానంటే నేను రాయినైపోయి కాదు. బరువుగాలి ఊళ్ళోకి ఎక్కేసింది. మూడు రోజులుగా దాన్నే పీలుస్తున్నాం. దాన్నే దిగులనుకున్నాం.

పలికింది. గురువమ్మత్త పలికింది.

"పోలమ్మా... పడుకున్నానే. ఏటి, గుంట ఏడుస్తందేటి?"

"అత్తా, లెగు. కమ్మీ కొట్టు. అందరినీ పైకెక్కించు."

"ఎందుకే? దీపం ఎలుగుతోంది గదా. ఇప్పుడే సూశాను. బాగా ఎలుగుతోంది."

"మూతికాడ వెలుగుతుంది. కిందకి దించి చూడు."

"అలిసిపోనావు. సెల్లి పోయింది, మనసు బాగోనేదు నీకు. కొంచెం సేపు తొంగో."

"నాకు బాగోలేదు, నిజమే. ఇప్పుడే బాగోలేదు, ఇందాకటిదాకా బాగానే ఉంది! నీకెలా ఉంది? సింహాచలం నీ చేతుల్లో పుట్టింది గదా. ఏడ్చావా?"

పెట్టెలో మంచం కిర్రుమంది.

"అత్తా, ఏడ్చావా నువ్వు?"

"...నేదే." అంది. "ఏడుపు రానేదు. ముసిల్దాన్నయిపోనాను, ఎండిపోనానని అనుకున్నాను."

"దీపం దించు."

"వంగకూడదు గదే."

"వంగకు. కర్రకి తగిలించి దించు. నేలకి ఆనించు."

ఆమె అడుగుల చప్పుడు వినబడింది. ఎంత నెమ్మదిగా వేస్తోందో! ఇక్కణ్ణించి చూస్తే ఊరి మీద పొగ అలాగే పరుచుకుని ఉంది. కింది మెట్ల ఇళ్ళు అందులో మునిగిపోయాయి. పై మెట్లలో ఇంకా కప్పులు కనబడుతున్నాయి. చెరువు ఇప్పుడు ఇటికరంగు కూడా కాదు, తుప్పురంగు. అడుగునున్న నీళ్ళు దాచిన గాలితో సహా పైకి వచ్చేశాయి. పొద్దున్నే ఇదంతా చూశాను. చూసి, బాగుందనుకున్నాను.

"ఓలమ్మో!" అంది గురువమ్మత్త పెట్టెలోంచి. "ఓలమ్మో, ఓలమ్మో, పిల్లలు..."

తర్వాత ఏదో కింద పడిన చప్పుడు. ఆమే పడిందేమోనని "అత్తా! అత్తా!" అని అరిచాను. తవిటయ్య కూడా అరిచాడు. పలకలేదు. మంగి ఏడుపు తప్ప ఇంకేమీ వినబడలేదు.

అంతలో కమ్మీ మోగింది. పెట్టెలో ముందు, లోయలోంచి తర్వాత. మళ్ళీ మోగింది. ఒకే ఎడంతో కాదు, చేతికొచ్చినట్టు, పూనకం వచ్చినట్టు కొడుతోంది ముసల్ది.

చూస్తున్నాను. చెబుతున్నాను. పై మెట్టు మీదికి ఎవరో వచ్చారు. ఇద్దరు. వాళ్ళ భుజాల మీద పిల్లలున్నారు. వెనక ఇంకో నలుగురు. ఊరు చివర బండలెక్కుతున్నారు, మేం పొద్దున ఎక్కిన కొండచీపురు వైపే. కింది మెట్ల నుంచి ఇంకా ఎవరూ కనబడలేదు. వస్తారు. కమ్మీ ఆగలేదు గదా, వస్తారు.

కింది మెట్లవాళ్ళూ, ఈ పెట్టె మాట మీకు అందుతుంటే వినండి. దీపాన్ని నమ్మకండి. మీకు ఏడుపు రావడం లేదా? ఏమీ అనిపించడం లేదా? ఒంట్లో బాగానే ఉందా? అయితే లేవండి. పిల్లల్ని ఎత్తుకుని పైకి రండి. గోల చెయ్యని పిల్లల్ని ముందు ఎత్తుకోండి.

తవిటయ్య మరల వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "అన్నకి ఏటి సెప్తాం వదినా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. అనగానే వచ్చింది. కడుపులోంచి వచ్చింది. సింహాచలమా, ఎందుకు వంగావే, పానా పోతే పోయింది గదే అని నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చాను. ఇక్కడ నేల మీద కూర్చోవచ్చు. తవిటయ్య లాంతరు ముట్టించి నా కాళ్ళ దగ్గర నేల మీదే పెట్టాడు. అది వెలుగుతూనే ఉంది.

మంగి వచ్చి నా ఒళ్ళో పడి ఇంకా గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. ఊరుకోమని నేను అనలేదు.